తాడు లాగితే ఎవరొస్తారు?

మూడేళ్ల క్రితం ఒక రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. చేసింది మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు. "అన్నా, చిన్న ప్రాబ్లమ్" అన్నాడు. రాత్రి రెండింటికి వచ్చే ప్రాబ్లమ్ ఏదీ చిన్నది కాదని ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. సాయంత్రం ఏడింటికి వాడు ప్రొడక్షన్ డేటాబేస్ మీద నడిపిన స్క్రిప్టు కొన్ని వేల రికార్డుల్ని పాడు చేసింది. ఏడున్నరకే ఆ సంగతి వాడికి తెలిసింది. అప్పుడే చెప్పి ఉంటే అరగంట పని. ఆరున్నర గంటల పాటు ఒక్కడే కూచుని సరిచెయ్యబోయి, ఇంకా పాడు చేసి, చివరికి నాకు ఫోన్ చేశాడు.

తెల్లారేసరికి బ్యాకప్పు నుంచి డేటా తెచ్చుకుని ఎలాగో గట్టెక్కాం. కింద బండి దగ్గర టీ తాగుతూ అడిగాను, అప్పుడే ఎందుకు చెప్పలేదురా అని. "మీరు తిడ్తరని కాదన్నా. మెయిల్ల పేరొస్తదని" అన్నాడు.

వాడి భయంలో అబద్ధమేం లేదు. అప్పట్లో మా ఆఫీసులో ఇలాంటిది ఏదైనా జరిగితే ఒక ఫారం నింపి అందరికీ మెయిల్ చేసేవాళ్లం. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎంత నష్టం, మళ్లీ జరక్కుండా ఏం చేస్తారు. వీటి మధ్య ఒక గడి: 'బాధ్యులు'. ఆ రోజు పదకొండింటికి ఆ ఫారం నింపింది నేనే. ఆ గడిలో వాడి పేరు రాసిందీ నేనే.

ఆ గడి నన్ను చాలాకాలం వదల్లేదు. మనుషులు తప్పు కనపడగానే నోరు విప్పే ఆఫీసు ఎలా తయారవుతుంది? ఈ ప్రశ్నతో వెతుక్కుంటూ పోతే ఒక కార్ల ఫ్యాక్టరీ దగ్గర తేలాను. విచిత్రమేంటంటే, ఆ ఫ్యాక్టరీ ముందు నుంచి అంతకుముందు నేను ఏడు నెలలు రోజూ నడిచి వెళ్లాను.

* * *

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అంటే తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆన్‌సైట్ మీద నేనక్కడ ఉన్నప్పుడు మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎప్పుడూ ఎవరింట్లోనో పోపు వాసన వస్తుండేది. వార్మ్ స్ప్రింగ్స్ స్టేషన్లో రైలు దిగితే దగ్గర్లోనే పొడవాటి తెల్లని భవనం, మీద టెస్లా పేరు. దాన్ని టెస్లా కట్టలేదని నాకప్పుడు తెలీదు.

దాన్ని కట్టింది జనరల్ మోటార్స్, 1960ల మొదట్లో. తర్వాత ఇరవయ్యేళ్లలో అది ఆ కంపెనీ ప్లాంట్లన్నిటిలోకీ చెడ్డపేరు తెచ్చుకుంది. చెప్పకుండా మానేసేవాళ్లు చాలాసార్లు నూటికి ఇరవై మందికి పైనే. కొన్ని రోజులు పొద్దున్నే లైను మొదలుపెట్టడానికి సరిపడా మనుషులుండేవారు కాదు. పనిలోనే తాగడం, పేకాట, మత్తుమందులు, ఉన్నట్టుండి సమ్మెలు. యూనియన్ పెట్టిన ఫిర్యాదులు వేలల్లో పేరుకుపోయాయి. మేనేజ్‌మెంట్ మీద కోపంతో కారు తలుపు లోపల ఖాళీ కూల్‌డ్రింక్ సీసా పడేసి మూసేసినవాళ్లున్నారు. కొన్నాయన తలుపు వేసినప్పుడల్లా లోపల గలగలమంటూ ఉంటుంది, ఎందుకో ఎప్పటికీ తెలీదు.

ఆ ప్లాంటులో నియమాలు ఎన్నున్నా అందరూ నిజంగా పాటించింది ఒక్కటే: లైను ఆగకూడదు. ఇంజను తప్పుగా బిగిసినా, ఒక కారుకి ఇంకో కారు భాగం తగిలించినా, లైను మాత్రం ముందుకు పోవాల్సిందే. తప్పు కళ్లముందు కనపడుతున్నా దాన్ని సరిచెయ్యడం లైను మీదున్నవాడి పని కాదు. ఆ కార్లన్నీ చివర్లో పెరట్లోకి చేరేవి. అక్కడ వేరే మనుషులు మళ్లీ విప్పి బిగించేవారు. రోజుకెన్ని కార్లు బయటికొచ్చాయన్నదే మేనేజర్ల లెక్క.

1982లో జనరల్ మోటార్స్ ఆ ప్లాంటుని మూసేసింది. వేలమంది రోడ్డున పడ్డారు.

మరుసటి ఏడాది జనరల్ మోటార్స్, టొయోటా కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. మూతబడ్డ ఈ ప్లాంటులోనే ఉమ్మడిగా చిన్నకార్లు తయారు చేద్దామని. దాని పొడుగాటి ఇంగ్లీషు పేరుని కుదించి అందరూ నుమ్మి అనేవారు. పెట్రోలు ధరలు పెరిగాక అమెరికన్లు చిన్న జపాన్ కార్లు కొనడం మొదలుపెట్టారు. అవి లాభానికి ఎలా తయారు చెయ్యాలో జనరల్ మోటార్స్‌కి అంతుబట్టలేదు. టొయోటా ఇబ్బంది వేరే. అమెరికా ఒత్తిడి వల్ల 1981 నుంచి జపాన్ తన కార్ల ఎగుమతికి పరిమితి పెట్టుకుంది. ఇక అమెరికాలోనే తయారు చెయ్యాలి. హోండా అప్పటికే ఒహాయోలో మొదలుపెట్టేసింది. తమ పద్ధతి అమెరికన్ కార్మికులతో నడుస్తుందో లేదో టొయోటాకి తేల్చుకోవాలనుంది.

ఇక్కడ ఆటో కార్మికుల యూనియన్ నాయకుడొకాయన వస్తాడు. ఆయన పేరు బ్రూస్ లీ. నవ్వకండి, సినిమా బ్రూస్ లీ వేరు. పాత ప్లాంటు నుంచి వెళ్లగొట్టిన మా వాళ్లనే తిరిగి తీసుకోవాలని ఈయన పట్టుబట్టాడు. టొయోటా ఒప్పుకుంది. కొత్త సంస్థ మొదట్లో తీసుకున్న కార్మికుల్లో నూటికి ఎనభై మందికి పైగా పాతవాళ్లే. అదే యూనియన్, చాలావరకు అదే కట్టడం, సీసాలు పడేసిన అవే చేతులు.

* * *

టొయోటా వెంట తెచ్చుకున్న పద్ధతిలో నాకు పనికొచ్చింది ఒక తాడు. దాని మూలం కారులో లేదు, మగ్గంలో ఉంది.

టొయోటా కంపెనీకి ముందు ఆ కుటుంబానిది మగ్గాల వ్యాపారం. సకిచి టొయోడా 1924లో ఒక మరమగ్గం తయారు చేశాడు. పోగు తెగితే అది దానంతటదే ఆగిపోతుంది. సిరిసిల్ల సాంచాలు చూసినవాళ్లకి ఇదెంత పెద్ద సంగతో తెలుస్తుంది. పోగు తెగినా మగ్గం ఆడుతూ పోతే అక్కణ్ణించి బట్టంతా పాడే. అందుకని మనిషి కన్నార్పకుండా కాపలా కాయాలి. తప్పు జరగ్గానే మగ్గమే ఆగుతుందంటే, మనిషి ఆ కాపలా నుంచి బయటపడతాడు. ఒక్కరే ఎన్నో మగ్గాలు చూసుకోవచ్చు. 1929లో ఈ మగ్గం పేటెంటు హక్కుల్ని ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లు పెట్టి కొనుక్కుంది.

కార్ల లైను మీద ఆ ఆలోచనే తాడైంది. పని చేసే మనిషి తలపైన లైను పొడవునా ఒక తాడు వేలాడుతుంటుంది. ఏదైనా తేడా కనపడితే లాగాలి. లాగగానే పైన బోర్డు మీద ఆ చోటి నంబరు వెలుగుతుంది, ఒక పాట మోగుతుంది. ఆ బోర్డుని అండోన్ అంటారు. జపాన్‌లో పాతకాలపు కాగితపు లాంతరు పేరది. టీము లీడరు పరిగెత్తుకొస్తాడు. ఒక్కో కారు మీద ఒక్కో మనిషికి దొరికేది సుమారు ఒక నిమిషం. ఆ కాస్త టైములో ఇద్దరూ కలిసి సరిచేస్తే సరే, లేకపోతే లైను ఆగుతుంది.

తాడు కట్టడం తేలిక, ఎవరైనా కట్టొచ్చు. లాగినవాడి దగ్గరికి వచ్చే మనిషి ఏమంటాడన్నదే అసలు సంగతి.

1984లో నుమ్మి తన గ్రూపు లీడర్లనీ టీము లీడర్లనీ, మొత్తం 450 మందిని, విడతల వారీగా జపాన్‌లోని తకావోకా ప్లాంటుకి మూడేసి వారాల శిక్షణకి పంపింది. అక్కడ వాళ్లకి ఉపన్యాసాలకంటే లైను ఎక్కువ నేర్పింది. జపాన్ కార్మికుడి పక్కన నిలబడి పని చేశారు. పనిలో వెనకబడితే సాయం వచ్చింది. ఈ పని ఇంకాస్త తేలిక చెయ్యడానికి నీకేమైనా తోస్తోందా అని అడిగారు. పదిహేనేళ్లు కార్లు బిగించినవాళ్లని కూడా పాత ప్లాంటులో అలా అడిగినవాళ్లు లేరు.

ఆ శిక్షణ పనుల్లో టొయోటా తరఫున ఉన్న అమెరికన్ జాన్ షూక్, 2010లో దీని గురించి ఒక వ్యాసం రాశాడు. మనుషుల ఆలోచన మారిస్తే నడవడిక మారుతుందని అందరూ అనుకుంటారు. నుమ్మిలో తాను చూసింది దీనికి తలకిందులుగా ఉందని ఆయన వాదన. ముందు చేసే పని మారింది, దాన్నిబట్టి ఆలోచన మారింది. గోడల మీద విలువల పోస్టర్లు అంటించే మా ఆఫీసుల్లో ఈ వ్యాసం ఎవరూ చదివినట్టు లేదు.

* * *

1984 డిసెంబరులో నుమ్మి మొదటి కారు, షెవర్లే నోవా, బయటికొచ్చింది. ఆ కొత్త ప్లాంటులో మేనేజర్లకి వేరే క్యాంటీన్ లేదు, ప్రత్యేకంగా పార్కింగూ లేదు. అంతకుముందు పని ఎనభైకి పైగా వర్గాలుగా విడిపోయి ఉండేది. ఇది నా పని, అది నీ పని అని గీతలుండేవి. లైను మీద పనంతటికీ ఇప్పుడు ఒకటే వర్గం. ఐదారుగురొక టీము, వాళ్లకి వాళ్లలోంచే ఒక లీడరు.

ఈ ప్లాంటుని దగ్గర్నుంచి పరిశీలించిన పాల్ ఆడ్లర్ అనే పరిశోధకుడు 1993లో ఒక ముఖ్యమైన సంగతి రాశాడు. పాత ప్లాంటులో స్టాప్‌వాచీ ఇండస్ట్రియల్ ఇంజనీరు చేతిలో ఉండేది. అతను దూరంగా నిలబడి లెక్క కట్టేవాడు, వీళ్లు అతన్ని మోసం చెయ్యడానికి నెమ్మదిగా చేసి చూపించేవారు. కొత్త ప్లాంటులో స్టాప్‌వాచీ కార్మికుల చేతికే ఇచ్చారు. ఒకరి పని ఒకరు చూసుకుని, ఏ పద్ధతి తేలికో సురక్షితమో తేల్చుకుని, వాళ్లే కాగితం మీద రాసుకునేవారు. మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు మా కోడ్ రివ్యూల్ని గుర్తుచేసింది, అవి బాగా జరిగిన రోజుల్ని.

ఫలితాలు అంకెల్లోనే చెప్పొచ్చు. చెప్పకుండా మానేసేవాళ్లు నూటికి ముగ్గురు నలుగురికి దిగారు. ఎమ్మైటీ పరిశోధకులు మూడు ప్లాంట్లని పోల్చి చూశారు. ఒక్కో కారు బిగించడానికి జనరల్ మోటార్స్ వాళ్ల ఫ్రేమింగ్‌హామ్ ప్లాంటులో 31 గంటలు పట్టేది, తకావోకాలో 16, నుమ్మిలో 19. వంద కార్లకి లోపాలు ఫ్రేమింగ్‌హామ్‌లో 135. తకావోకాలో 45, నుమ్మిలోనూ 45. అంటే పనికిరారని వెళ్లగొట్టిన మనుషులు జపాన్ కార్మికులతో సమానంగా కార్లు తయారు చేశారు. ఇదే కాలంలో జనరల్ మోటార్స్ మిగతా ప్లాంట్లలో రోబోల మీద బిలియన్ల డాలర్లు పోసింది.

అయినా ఇదంతా ఒక మాట మీద నిలబడి ఉంది. ఆ మాట 1985 ఒప్పందంలో రాసుకున్నారు. కంపెనీ ఉనికికే ముప్పొస్తే తప్ప ఎవర్నీ తీసెయ్యరు. అంత పరిస్థితే వస్తే ముందు మేనేజర్ల జీతాలు తగ్గిస్తారు, బయటికిచ్చిన పనులు వెనక్కి తెచ్చుకుంటారు. టొయోటా ఈ పాఠం కష్టపడే నేర్చుకుంది. 1950లో ఆ కంపెనీ దివాలా అంచుకి వచ్చింది. కార్మికుల్ని తీసెయ్యకుండా నెట్టుకొద్దామని చూసి, కుదరక పెద్ద సంఖ్యలో తీసెయ్యాల్సొచ్చింది. సమ్మె జరిగింది. సంస్థాపకుడు కిచిరో టొయోడా బాధ్యత తన మీద వేసుకుని పదవి వదిలేశాడు.

నుమ్మిలో ఆ మాటకి పరీక్ష 1988లో వచ్చింది. నోవాలు అమ్ముడుపోలేదు. ప్లాంటు సామర్థ్యంలో అరవై శాతం కూడా వాడట్లేదు. పాత అనుభవం ఉన్న కార్మికులు ఇక ఇళ్లకి పంపిస్తారనే అనుకుని ఉంటారు. కానీ ఒక్కర్నీ తియ్యలేదు. ఖాళీ వేళల్లో శిక్షణ ఇచ్చారు, పని పద్ధతులు మెరుగుపరిచే పనులు అప్పజెప్పారు. నన్నడిగితే నుమ్మి చరిత్రలో 1984 కంటే ఇదే పెద్ద ఏడాది. ఈ పని త్వరగా అవ్వడానికి దారుందని చెబితే తన కుర్చీకే ముప్పు అనుకునే మనిషి నోరు విప్పడు.

* * *

ఇంత బాగా నడిస్తే జనరల్ మోటార్స్ మిగతా ప్లాంట్లలో ఎందుకు చెయ్యలేదు? ప్రయత్నించింది. లాస్ ఏంజెలెస్ దగ్గర వాన్ నైస్ ప్లాంటులో టీములు పెట్టారు, తాళ్లు కట్టారు. అక్కడి మేనేజర్ల జీతం, బోనసు మాత్రం రోజుకెన్ని కార్లు బయటికొచ్చాయన్న లెక్క మీదే. ఎవరైనా తాడు లాగితే వచ్చే సూపర్‌వైజరు సాయం చెయ్యడానికి రాడు, ఎవడ్రా ఆపింది అని అడగడానికి వస్తాడు. కొన్నాళ్లకి తాడు లాగడం మానేశారు. వాన్ నైస్ 1992లో మూతబడింది. నుమ్మిలో ప్రతి అంగుళాన్నీ ఫొటోలు తీసి అచ్చం అలాగే కట్టమని పైనుంచి చెప్పారని కూడా ఒక కథ ప్రచారంలో ఉంది. ఫొటోలో తాడు పడుతుంది కానీ, లాగాక వచ్చిన మనిషి మొహంలో భావం పడదు.

మన సాఫ్ట్‌వేర్‌వాళ్లు చేసింది కూడా చాలావరకు ఫొటో తియ్యడమే అనిపిస్తుంది. కాన్బాన్ బోర్డు టొయోటాదే. దాన్ని గోడ నుంచి స్క్రీన్ మీదకి తెచ్చుకున్నాం. రోజూ పొద్దున్నే నిలబడి మీటింగు పెట్టుకుంటాం. "ఎనీ బ్లాకర్స్?" అని అడిగితే అందరం "నో బ్లాకర్స్" అంటాం. మా కుర్రాడు కూడా రోజూ ఆ మాటే అన్నాడు.

1990ల్లో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లని లెక్కించింది. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుంది. లెక్క తిరగబడింది, మంచి టీముల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే, వాళ్లు పొరపాట్లు ఎక్కువ చెయ్యట్లేదు, దాచట్లేదు. దీన్ని చదివాక మా ఆఫీసు గుర్తొచ్చింది. 'గత త్రైమాసికంలో ఇన్సిడెంట్లు తగ్గాయి' అని స్లయిడ్ వేసుకుని చప్పట్లు కొట్టుకున్నాం. తగ్గినవి ఇన్సిడెంట్లో, ఫోన్లో ఎవరూ ఆలోచించలేదు.

నుమ్మిని స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. మైక్ పార్కర్, జేన్ స్లాటర్ అనే ఇద్దరు కార్మిక రచయితలు 1988లోనే దీన్ని గట్టిగా విమర్శించారు. నిమిషంలో ఒక్క సెకను కూడా ఊపిరి తీసుకోనివ్వని ఈ పద్ధతి మనిషిని పిండుతుందనీ, టీము పేరుతో తోటివాళ్ల చేతే ఒత్తిడి పెట్టిస్తుందనీ వాళ్ల వాదన. 1993లో కొత్త మోడల్ తెచ్చినప్పుడు హడావుడిలో చేతులు, మణికట్లు, నడుములు దెబ్బతిన్నవాళ్లు పెరిగారు. రాష్ట్ర కార్మిక భద్రతా విభాగం నుమ్మికి నోటీసులిచ్చింది. ఆ తర్వాత యూనియన్, కంపెనీ కలిసి పద్ధతులు మార్చుకున్నాయి. కారు లోపానికి లాగినంత సులువుగా తన నడుంనొప్పికి మనిషి తాడు లాగలేకపోయాడన్నమాట. వెనక యూనియన్ లేకపోతే ఆ మాత్రం మార్పు కూడా వచ్చేది కాదేమో.

ముగింపు కూడా విషాదమే. 2009లో దివాలా తీసిన జనరల్ మోటార్స్ ఉమ్మడి సంస్థ నుంచి తప్పుకుంది. ఒంటరిగా నడపడం టొయోటాకి గిట్టుబాటు కాలేదు. 2010 ఏప్రిల్ 1న నుమ్మి మూతబడింది. దాదాపు 4,700 మంది ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది టెస్లా ఆ ప్లాంటుని 42 మిలియన్ డాలర్లకి కొంది. పాతికేళ్లు తాళ్లు లాగిన మనుషులు, ఈ నిర్ణయం తీసుకున్న గదిలో లాగడానికి తాడేమీ లేదు.

* * *

నేనిప్పుడు వేరే కంపెనీలో ఉన్నాను. ఎనిమిదిమంది టీము. మా ఫారంలో 'బాధ్యులు' గడి లేదు, నేనే తీసేశాను. ఎవరైనా "తప్పు చేశాను" అని గ్రూపులో పెడితే, ముందు చూసినవాళ్లు చేతిలో పని వదిలేసి వెళ్లి పక్కన కూచోవాలని ఒక అలవాటు పెట్టుకున్నాం. మొదటి మూడు నెలల్లో మా తప్పుల లెక్క రెట్టింపైంది. పైవాళ్లకి అదెందుకు మంచిదో వివరించడానికి నాకు రెండు మీటింగులు పట్టింది.

పోయినేడు ఒక శుక్రవారం తీసివేతల మెయిల్ వచ్చింది. మా టీములో ఇద్దరు. ఆ తర్వాత మూడు వారాలు గ్రూపులో ఒక్క తప్పూ రాలేదు. గడి తీసెయ్యగలిగాను కానీ 1985లో వాళ్లు రాసుకున్న మాట ఇచ్చే అధికారం నాకు లేదు. టీము లీడరుగా నేను చెయ్యగలిగింది ఎంతో, ఎంత నా చేతిలో లేదో ఆ మూడు వారాల్లో తెలిసింది. నాలుగో వారం ఒకమ్మాయి "కాన్ఫిగ్ తప్పు పెట్టాను, ఎవరైనా రండి" అని రాసింది. ముగ్గురం లేచాం.

ఆ కుర్రాడు ఆ సంఘటన తర్వాత నాలుగు నెలలకి మానేశాడు. ఇప్పుడు బెంగళూరులో బాగానే ఉన్నాడు, పండగలకి మెసేజ్ పెడతాడు, ఇంకా అన్నా అనే అంటాడు. ఆ ఫారంలో పేరు రాసింది మేనేజరనే వాడు అనుకుంటున్నాడు. వాడు తప్పుని ఆరున్నర గంటలు దాచాడు, నేను మూడేళ్లు. ఇది అచ్చయ్యాక ముందు వాడికే పంపుతాను.